ఆడ మోనార్క్ రెక్క మీది చుక్క

ఆ చుక్క నా కంటబడేసరికి పొద్దున్న ఏడు దాటింది. కరెంటు అప్పుడే పోయింది. పళ్ళు తోముకుంటూ వచ్చి, కిటికీ పక్కన ఆరబెట్టిన బొమ్మ ఎలా ఉందోనని వంగి చూశాను. ఎడం వెనక రెక్క మీద, నల్లటి ఈనె మధ్యలో, ఆవగింజంత ఉబ్బు కనిపించింది. నోట్లో నురుగుతోనే నిలబడిపోయాను.

తెలియనివాళ్ళకి అదొక లెక్క కాదు. నాకు మాత్రం గుండె గుభేలుమంది. ఉత్తర అమెరికాలో తిరిగే మోనార్క్ అనే సీతాకోకచిలుకల్లో మగదానికి వెనక రెక్కల మీద చెరొక నల్లచుక్క ఉంటుంది, ఈనెను అంటుకుని. ఆడదానికి ఉండదు. ఆడదాని ఈనెలు లావు, మగదాని ఈనెలు సన్నం. నేను వేసింది ఆడది. మన జిల్లేడు జాతికి చెందిన ఒక మొక్క ఆకు మీద వాలి, పొట్ట వంచి, ఆకు అడుగున గుడ్డు పెడుతోంది. అలా గుడ్డు పెట్టే తల్లి రెక్క మీద మగ గుర్తు పడింది. అది కూడా ఒక్క రెక్క మీదే.

ఆ చుక్క పెట్టింది మా నాన్న.

మా నాన్న నలభై ఏళ్ళు సైన్‌బోర్డులు రాశాడు. ఇక్కడ బర్మాలో, పజుండౌంగ్ పేటలో మేం ఉండే వీధిలో ఒకప్పుడు ఏ కొట్టు తలెత్తి చూసినా ఆయన అక్షరాలే. బర్మా అక్షరాలు, ఇంగ్లీషు అక్షరాలు, మన గుడికి తెలుగు అక్షరాలు. నాకు తెలుగు చదవడం రాయడం వచ్చింది ఆ గుడి బోర్డు వల్లే. ఆయన నిచ్చెన మీద రాస్తుంటే నేను కింద రంగు డబ్బా పట్టుకుని ఒక్కొక్క అక్షరం పేరూ అడిగేదాన్ని. తర్వాత ఫ్లెక్సులు వచ్చి బోర్డులు పోయాయి. ఆ తర్వాత ఆయన కుడిచేతికి వణుకు వచ్చింది. మొదట చాయ్ కప్పు సాసర్ మీద టకటకలాడేది, తర్వాత గీత వంకర పోయేది. ఒకరోజు తనే బ్రష్షు కడిగి, గుడ్డతో తుడిచి, నా డబ్బాలో పెట్టేశాడు.

కానీ ఒక్క పని మాత్రం వదల్లేదు. ఆయన చేతిలోంచి ఏ బోర్డూ దిష్టిచుక్క లేకుండా గడప దాటి ఎరగదు. పసిపిల్ల బుగ్గన పెట్టినట్టే, బోర్డు అంచున కింది మూల ఒక చుక్క పెట్టేవాడు. బర్మా అక్షరం కింద చుక్క పడితే మాటే మారిపోతుంది కాబట్టి అక్షరాల దరిదాపుల్లోకి బ్రష్షు వెళ్ళనిచ్చేవాడు కాదు. ఆ చుక్కకి దుకాణాల్లో దొరికే రంగు పనికిరాదు. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి మసి పట్టి, జిగురు కలిపి తనే నూరుకునేవాడు. బొమ్మలు వేసే పని నా చేతికి వచ్చాక కూడా చివరి చుక్క ఆయనదే. బొమ్మ పూర్తవగానే మసి గిన్నె, సన్న బ్రష్షు ఆయన ముందు పెడతాను. ఆయన ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క చుక్క పెడతాడు. రోజు మొత్తంలో ఆయన వీపు నిటారుగా ఉండేది ఆ నిమిషంలోనే.

అందుకే నాకు చెమటలు పట్టాయి. తప్పు చెబితే ఆయనకి మిగిలిన ఆ ఒక్క చుక్కా పోతుంది. చెప్పకపోతే ఎక్కడో అమెరికాలో ఈ బొమ్మ చూసే పిల్లలు ఆడదాన్ని మగదనుకుంటారు. అసలే నాది భయం పుట్టుక. గ్యాసు కట్టేశానా లేదా అని మూడంతస్తులు దిగి మళ్ళీ మూడంతస్తులు ఎక్కే మనిషిని.

ఈ పురుగుల పని మాకు ఈ ఊళ్ళోనే లమ్మడా పేటలో పుస్తకాలు తయారుచేసే ఒక అమ్మాయి ద్వారా వచ్చింది. బర్మా అమ్మాయి, నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది. మా నాన్నని సయా అంటుంది, అంటే గురువుగారని. నన్ను అమా, అంటే అక్కా అని పిలుస్తుంది. అమెరికా పిల్లల కోసం పురుగులు గుర్తుపట్టే బొమ్మల పుస్తకం, పదహారు పేజీలు. ఒక్కో పురుగుకీ ఒక్కో కాగితం ఇచ్చింది. దాని మీద ఫోటోలు, పక్కన గుర్తులు. ఏది ఉండాలి, ఏది ఉండకూడదు, దేన్ని చూసి ఏదనుకుని పొరబడతారు, అన్నీ రాసి ఉన్నాయి. పురుగులు తెలిసిన పెద్దాయన ఎవరో అక్కడ కూర్చుని ప్రతి బొమ్మా చూస్తాడట. మాకన్నా ముందు చేసిన చిత్రకారుడు వైస్‌రాయ్ సీతాకోకచిలుకని వేశాడు. అది అచ్చం మోనార్క్‌లాగే ఉంటుంది, కాకపోతే వెనక రెక్కల మీద ఈనెలకి అడ్డంగా ఇంకో నల్లగీత ఉంటుంది. ఆయన ఆ గీత మరిచిపోయాడు. అంతే, పని మొత్తం ఆయన దగ్గర నుంచి తీసేసుకున్నారు. ఈ సంగతి ఆ అమ్మాయి మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం ఆ రోజు నుంచి అన్నం సయించలేదు.

నేను పుట్టి బుద్ధెరిగాక చూడని పురుగులు అవన్నీ. చూడనిదాన్ని వెయ్యడం కన్నా, చూడనిదాన్ని తప్పు లేకుండా వెయ్యడం నరకం. బొద్ద తుమ్మెదలు రెండు రకాలు ఉంటాయి. ఒకదాని పొట్ట నిండా వెంట్రుకలు, రెండోదాని పొట్ట నున్నగా మెరుస్తుంది. పొట్ట మీద నాలుగు వెంట్రుకలు ఎక్కువ పడితే పురుగే మారిపోతుంది. పదిహేడేళ్ళు నేలలోనే ఉండి ఒకేసారి బయటికొచ్చే ఒక ఇలకోడి ఉంది. దానికి కళ్ళు ఎర్రగా ఉండాలి. మా ఇంటి దగ్గర చెట్ల మీద అరిచేదాని కళ్ళు చూద్దామని ఎంత ప్రయత్నించినా నాకు ఒక్కటీ దొరకలేదు. లూనా అని లేతాకుపచ్చ రెక్కల చిమ్మట ఒకటి. రెక్కలొచ్చాక దానికి తినే నోరే ఉండదట. ఆ సంగతి నేను చదివితే విని మా నాన్న, "పాపం, ఏటి తిని బతుకుతాదే అది?" అని సాయంత్రం దాకా బాధపడ్డాడు.

అసలు గొడవ ఎక్కడ వచ్చిందంటే, బొమ్మలో పురుగూ మొక్కా తప్ప ఇంకేమీ ఉండకూడదని ఆ కాగితాల్లో రాసి ఉంది. అంచు వద్దు, సంతకం వద్దు, ఏ గుర్తూ వద్దు. ఆ మాట చెప్పిన రోజు మా నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేనే తెలివి ఉపయోగించాను. "పురుగు ఒంటి మీద నలుపున్న సోట ఎట్టీ నాన్నా. నలుపులో నలుపు కలిసిపోతాది" అన్నాను.

"కన్ను ముందు సుక్క మీద పడాలే. అప్పుడే దాని ఇసం దిగుతాది. కనబడని సుక్కకి ఏటి లాబం?" అన్నాడు. కాసేపటికి మళ్ళీ తనే, "పోనీలే, బొత్తిగా లేకపోడం కన్నా నయం" అని లేచి కూర్చున్నాడు.

అలా ఆరు బొమ్మలు అయ్యాయి, ఆరూ లమ్మడా వెళ్ళిపోయాయి. ఏడోది ఈ ఆడ మోనార్క్.

బ్రష్షు నోట్లోంచి తీసి, మొహం కడుక్కుంటుంటే రెండో భయం పట్టుకుంది. ఏడోదాని మీద ఇలా జరిగితే, ఆ ఆరింటి మాటేమిటి? తొమ్మిది చుక్కల అక్షింతల పురుగు గుర్తొచ్చింది. ఒక రెక్క డిప్ప మీద నాలుగు, ఇంకోదాని మీద నాలుగు, మధ్యలో రెంటికీ కలిపి ఒకటి. తొమ్మిది. అది ఇప్పుడు చాలా అరుదైపోయిందట, అందుకే ఆ పెద్దాయనకి దాని మీద ప్రాణమట. మా నాన్న వెళ్ళి దానికి పదో చుక్క పెట్టి ఉంటే? గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే అనుకున్నాను.

మా నాన్నకి గంజి పోసి, బజారుకని చెప్పి బస్సెక్కాను. బస్సులో తొమ్మిదీ పదీ తొమ్మిదీ పదీ అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటుంటే పక్కన కూర్చున్నావిడ జపం చేసుకుంటున్నాననుకుని కాళ్ళు ముడుచుకుని చోటిచ్చింది.

లమ్మడాలో ఆ అమ్మాయి ఆఫీసు అంటే టోకు కొట్ల పైన ఒక గది, అంతే. కింద అట్టపెట్టెలు దింపుతున్నారు. నన్ను చూడగానే, "అమా, ఒంట్లో బాగాలేదా?" అంది. బొమ్మల మీద రంగు పొడి రాలుతోందేమోనని అనుమానం వచ్చింది, ఒకసారి చూడాలి అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకాన్ని నేను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ అమ్మాయి మాత్రం పాపం టీ పోసి, బొమ్మలు తెచ్చి ముందు పెట్టింది.

మా నాన్న నలుపుకి ఒక లక్షణం ఉంది. ఎదురుగా చూస్తే కనిపించదు గాని, కాగితం వెలుతురుకి ఏటవాలుగా పెడితే జిగురు వల్ల చిన్నగా మెరుస్తుంది. ఒక్కొక్కటీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వంచి చూశాను. ముందు ఇలకోడి. ఎర్రకళ్ళు ఎర్రగానే ఉన్నాయి, మెరుపు వీపు మీది నలుపులో ఉంది. బొద్ద తుమ్మెదకి రెక్కల మధ్య నల్లమచ్చలో ఉంది. బంగాళదుంప పొలాలు తినేసే చారల పురుగుకి వీపు మీద పది నల్లచారలు ఉండాలి. పదీ ఉన్నాయి, మెరుపు ఒక చార లోపల ఉంది. వీపు మీద పళ్ళచక్రం లాంటిది మోసే నల్లి జాతి పురుగు కూడా బాగానే ఉంది.

తర్వాత అక్షింతల పురుగు తీశాను. లెక్కపెట్టాను. తొమ్మిది. మళ్ళీ కుడి నుంచి ఎడమకి లెక్కపెట్టాను. తొమ్మిదే. మెరుపు తల మీది నలుపులో ఉంది, చుక్కల జోలికే పోలేదు.

చివరిది మిణుకు కళ్ళ పురుగు. పేరు మేం పెట్టుకున్నదే. వెల్లకిలా పడితే టిక్కుమని ఎగిరి తిరగబడే జాతి. దాని మెడ మీద రెండు పెద్ద నల్ల కళ్ళు ఉంటాయి, నిజం కళ్ళు కావు, పిట్టల్ని భయపెట్టడానికి. అది వేస్తున్నప్పుడు మా నాన్న పడిపడి నవ్వాడు. "ఓలమ్మో, దీని దిష్టిబొమ్మ ఇదే కట్టుకుందే! కట్టే ఇంటికి ఏలాడగట్టినట్టు!" అన్నాడు. ఆ దొంగ కన్ను నడిమధ్యలో ఆయన చుక్క మెరుస్తోంది.

ఆరూ సరిగ్గా ఉన్నాయి. ఊపిరి పీల్చుకున్నాను గాని, ఆ ఊపిరి సగంలోనే ఆగిపోయింది. ఆ ఆరు చోట్లూ ఆయనే ఎంచుకున్నాడు. ప్రతిసారీ, "దీని గుర్తులేటో సదువు" అని నా చేత కాగితం మొత్తం చదివించుకుని, కళ్ళు మూసుకుని విని, అప్పుడు బ్రష్షు పట్టాడు. మోనార్క్ రోజున మాత్రం వెలుతురు పోతోందని నాకు తొందర. "కాయితం తరవాత సదూతాను గాని, ఆ నల్ల ఈనె మీద ఎట్టీ నాన్నా, కనబడదు" అని బొమ్మ ఆయన ముందుకి తోశాను. ఆయన నేను చూపించిన చోటే పెట్టాడు. వేలు పెట్టి మరీ చూపించింది నేనే.

తప్పు నాది అని తెలిశాక ధైర్యంగా చెప్పెయ్యాలి కదా. నేను ఇంటికొచ్చి, ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుండగా బ్లేడు తీసుకున్నాను.

గీకడం నాకు ఆయన నేర్పిన పనే. బ్లేడు పడుకోబెట్టి, పొరలు పొరలుగా, కాగితం పీచు లేవకుండా తియ్యాలి. పావుగంటలో చుక్క పోయింది. ఈనె మళ్ళీ కలిపాను. పక్కన నారింజరంగు సరిచేశాను. కంటికి ఏమీ తెలియదు. బొమ్మని మళ్ళీ కిటికీ పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు కూర గిల్లుకుంటూ కూర్చున్నాను.

ఆయన లేచి, మొహం కడుక్కుని, కిటికీ దగ్గరికి వెళ్ళాడు. చూపు తగ్గినప్పటి నుంచి ఆయన బొమ్మని బొటనవేలితో చూస్తాడు. ఆ వేలు రెక్క మీద మెల్లగా వెళ్ళి, ఒకచోట ఆగింది.

"ఇక్కడ గీకినావు" అన్నాడు.

"రంగు పడితేని గీకినాను నాన్నా."

"నా సుక్క గీకినావు. ఎందుకే?"

ఇంక దాచలేకపోయాను. కాగితం తెచ్చి చదివాను. మగదానికి చుక్కలుంటాయన్న చోటు రెండుసార్లు చదివాను. ఆయన మొత్తం విన్నాడు. తిడతాడనుకున్నాను. ఏడుస్తాడేమోనని ఇంకా భయమేసింది.

"అయితే గుడ్డెట్టే అమ్మకి మీసాలు ఎట్టీసినాను అన్నమాట" అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు ఎక్కువసేపు నిలబడలేదు. "నలబై ఏళ్ళు నా తప్పులు నానే గీక్కున్నాను. నాకు సెప్పకుండా ఎవుళూ గీకలేదే" అన్నాడు.

"నాను ఎట్టమన్న సోటే ఎట్టినావు. తప్పు నాది."

"సేతిది కాదూ?"

"సేతిది కాదు నాన్నా."

ఆయన కుడిచెయ్యి ఎత్తి, అది వణుకుతుంటే వేరే ఎవరి చెయ్యో అన్నట్టు చూశాడు. తర్వాత అడిగాడు, "మగోడి బొమ్మ కూడా ఉంది కదా?"

ఉంది. పుస్తకంలో ఆడదానికి ఎదురు పేజీలో మగది. రెక్కలు పూర్తిగా పరిచి, వీపువైపు నుంచి కనిపించాలి. అదే ఎనిమిదోది.

"ఆడికి రెండు సుక్కలు దేవుడే ఎట్టినాడు. ఆ రెండూ నాకొదిలీ. నానెడతాను" అన్నాడు. మొహం వెలిగిపోయింది. "అందరి కన్నూ దాని మీదే పడతాది. దాసుకోనక్కర్లేదు. ఇన్నాళ్ళకి సరైన దిష్టిసుక్క."

"అలాగే నాన్నా" అన్నాను. పైకి అలాగే అన్నాను గాని, కుదురుతుందన్న నమ్మకం లేదు. నలుపులో నలుపు కలిసిపోయే చుక్క వేరు. నారింజరంగు రెక్క మీద, నాలుగు రోజుల పని మీద, రెండు చుక్కలు, రెండూ సమంగా, ఈనెను అంటుకుని పడాలి. ఆ పెద్దాయన భూతద్దం పెట్టి చూసేది ముందు వాటినే. శుక్రవారానికి బొమ్మ ఇవ్వాలి.

ఇక్కడే నేను చేసిన పని చెప్పుకోవాలి. రెండు బొమ్మలు వేశాను. ఒకటి ఆయన ఎదురుగా, ఆయనతో మాట్లాడుతూ, రెక్క ఎంత వెడల్పో ఆయన చేత చెప్పించుకుంటూ. రెండోది రోజూ ఆయన మధ్యాహ్నం పడుకున్నప్పుడు, రాత్రుళ్ళూ, వంటింటి బల్ల మీద. అదే కొలత, అవే సన్నటి ఈనెలు, అంచున తెల్లచుక్కలు కూడా అన్నే. దానికి రెండు నల్లచుక్కలూ నేనే పెట్టేశాను. అట్టల మధ్య పెట్టి మంచం కిందికి తోశాను. అవసరం పడదులే, ధైర్యం కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. దొంగతనం చేసేవాళ్ళు కూడా మొదటిరోజు అలాగే అనుకుంటారేమో.

గురువారం పొద్దున్న ఆయన స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి వచ్చి కూర్చున్నాడు. ముందు పాత పేపరు మీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. పేపరు నిండిపోయింది. తిరగేసి అటువైపూ పెట్టాడు. కొన్ని గుండ్రంగా వచ్చాయి, కొన్ని తోక సాగాయి. నేను ఎదురుగా కూర్చుని గుండ్రటివి లెక్కపెడుతున్నాను. తోకలవే ఎక్కువ.

"తే" అన్నాడు.

బొమ్మ ఆయన ముందు పెట్టాను. పూర్వం బోర్డులు రాసేటప్పుడు చెయ్యి ఆనించుకునే కర్ర తీసి, బల్ల మీద అడ్డంగా పెట్టుకుని, దాని మీద మణికట్టు ఆనించాడు. ఎడంచేత్తో కుడిచేతిని పట్టుకున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుందామని ముందుకి వంగాను. "ముట్టుకోకు" అన్నాడు, తల ఎత్తకుండానే.

మొదటి చుక్క పడింది. గుండ్రంగా, ఈనెను ఆనుకుని, కొలిచి పెట్టినట్టు. నా కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి. బోర్డుల రోజుల్లో కూడా ఆయన అంత అందమైన చుక్క పెట్టలేదేమో.

రెండోదానికి చాలాసేపు ఆగాడు. కింద వీధిలో సైకారా రిక్షా వాడు గంట కొట్టుకుంటూ వెళ్ళాడు. ఆ చప్పుడు పోయేదాకా ఆగాడు. బ్రష్షు దిగింది. దిగుతూ దిగుతూ ఉండగా చెయ్యి అదిరింది. చుక్క ఈనె దాటి కిందికి జారి, బియ్యపుగింజలో సగమంత సాగింది.

ఆయన బ్రష్షు ఎత్తి పట్టుకుని, కళ్ళు చికిలించి చూశాడు.

"ఎలాగుందే?"

"కుదిరింది నాన్నా."

"రెండోదో?"

"రెండూ కుదిరినాయి."

ఆయన నా మొహం వైపు చూశాడు. తర్వాత బ్రష్షు నీళ్ళలో ముంచి, కడిగి, తుడిచి, నాకిచ్చాడు. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

శుక్రవారం బస్సులో నా ఒళ్ళో సంచి ఉంది. సంచిలో ఆడ మోనార్క్, రెండు మగ మోనార్కులు. దారి పొడుగునా నాతో నేనే వాదించుకున్నాను. సగం బియ్యపుగింజ అంటే ఎంతని, నిజం సీతాకోకచిలుకలన్నీ ఒకేలా ఉంటాయా అని. ఆ వెంటనే వైస్‌రాయ్ గీత మరిచిపోయిన మనిషి గుర్తొచ్చేవాడు. ఆయన పేరు కూడా నాకు తెలియదు. అయినా ఆయన నా పక్క సీట్లో కూర్చున్నట్టే అనిపించింది. ఆఫీసులో ఆ అమ్మాయి చెయ్యి చాపింది. నేను సంచిలో చెయ్యి పెట్టాను. నాన్నది పైనే ఉంది, వేళ్ళకి తగిలింది. దాన్ని పక్కకి జరిపి, కింద ఉన్నది తీసి ఇచ్చాను.

"చుక్కలు ఎంత సమంగా వచ్చాయో అమా" అంది ఆ అమ్మాయి.

బొమ్మలన్నీ ఒప్పుకున్నారు. పదహారూ అయ్యాయి. మిగతావాటికీ మా నాన్నే చుక్క పెట్టాడు, నేను కాగితం చదివితే విని, చోటు తనే ఎంచుకుని. వానలు వెనకబట్టాక ఒకరోజు ఆ అమ్మాయే పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చింది. మూడంతస్తులు ఎక్కి, మా నాన్న చేతిలో పెట్టి, దణ్ణం పెట్టి వెళ్ళింది.

ఆయన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, భూతద్దం తెమ్మన్నాడు. ఒక్కొక్క పేజీ తిప్పుతుంటే నేను చాయ్ కలిపే నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయాను. చాయ్ ఎంతసేపని కలుపుతాను. తిరిగి వచ్చేసరికి మోనార్క్‌ల పేజీ తెరిచి ఉంది. భూతద్దం మగదాని కుడిరెక్క మీద ఉంది.

"ఇవి నా సుక్కలు కావే" అన్నాడు.

"నీవే నాన్నా."

"నా రెండో సుక్క జారింది. నాకు ఆరోజే తెలుసు. ఇందులో జారలేదు."

చాయ్ కప్పు చేతిలోనే ఉంది.

"కుదిరిందన్నావు" అన్నాడు. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"బయమేసింది నాన్నా."

"బయం మంచిదేలే. పని మీద బయం ఉండాల" అన్నాడు. పుస్తకం మూసి, భూతద్దం పక్కన పెట్టి, చాయ్ అందుకున్నాడు. కప్పు సాసర్ మీద టకటకలాడింది. "జారిందని ఆరోజే సెప్పుంటే, ఆ బొమ్మ ఇంకోటి ఏసుకునేవోళ్ళం. ఇద్దరం కూకుని."

ఆయన జారిన చుక్క ఉన్న బొమ్మ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎవరికీ చూపించలేదు.

ఆ మరుసటి వారం వేరే పని వచ్చింది, ఎవరిదో పెళ్ళి కార్డుకి నెమలి. పూర్తయ్యాక అలవాటు చొప్పున మసి గిన్నె, సన్న బ్రష్షు మా నాన్న ముందు పెట్టాను. ఆయన నెమలిని బొటనవేలితో తడిమి చూశాడు. బాగుందన్నాడు. గిన్నె మాత్రం మెల్లగా నా వైపుకి జరిపాడు.

"నువ్వెట్టీ" అన్నాడు.

బతిమాలాను. తల అడ్డంగా ఊపాడు. నేను బ్రష్షు మసిలో ముంచి, ఊపిరి బిగబట్టి, నెమలి తోక చివర చుక్క పెట్టబోయాను. చెయ్యి వణికింది.